గోబర్ గ్యాస్ తొట్టిలో మన దాయాదులు

గోబర్ గ్యాస్ తొట్టిలో ఆఖరి పని చేసే సూక్ష్మజీవిని ఒకదాన్ని పట్టి మైక్రోస్కోప్ కింద పెడితే కనిపించేది చిన్న కడ్డీ. కేంద్రకం లేదు, మైటోకాండ్రియా లేదు, లోపల చెప్పుకోదగ్గ అమరికేమీ లేదు. ఎవరిని అడిగినా బ్యాక్టీరియా అనే అంటారు. ఇప్పుడు దాని మీద పెన్సిలిన్ వేసి చూడండి. పెరుగుదల ఆగదు. స్ట్రెప్టోమైసిన్ వేయండి, అదీ పట్టదు. మందుకు లొంగని బ్యాక్టీరియాలు మనకు కొత్త కాదు కాబట్టి ఇందులో వింతేముంది అనుకోవచ్చు. వింత మూడో పరీక్షలో ఉంది. కంఠసర్పి జబ్బు తెచ్చే డిఫ్తీరియా క్రిమి ఒక విషాన్ని విడుస్తుంది. మన కణంలో ప్రోటీన్లు తయారయ్యేటప్పుడు రైబోజోమ్‌ను ఒక్కో అడుగు ముందుకు జరిపే సహాయక ప్రోటీన్ ఒకటి ఉంటుంది. దాని మీద డిఫ్తమైడ్ అనే అరుదైన అమైనో ఆమ్లం ఉంటుంది. విషం సరిగ్గా దాన్నే పట్టుకుని పని ఆపించేస్తుంది, కణం చచ్చిపోతుంది. బ్యాక్టీరియాల్లో డిఫ్తమైడ్ ఉండదు. విషం తయారుచేసే క్రిమి తన విషానికి తానే బలి కాకపోవడానికి కారణమదే. గోబర్ గ్యాస్ తొట్టిలోని మన కడ్డీ నుంచి ఆ సహాయక ప్రోటీన్‌ను తీసి, పరీక్షనాళికలో ఈ విషాన్ని కలిపితే, మనిషి ప్రోటీన్‌ను పట్టుకున్నట్టే దాన్నీ పట్టుకుంటుంది.

బ్యాక్టీరియాను చంపే మందుకు చలించని జీవి, మనిషిని చంపే విషానికి దొరికిపోతోంది. ఇలాంటి జీవులను ఆర్కియా అంటారు.

మన ఇంటర్మీడియట్ వృక్షశాస్త్రంలో ఇవి విట్టేకర్ 1969లో చెప్పిన అయిదు రాజ్యాల వర్గీకరణ దగ్గర, మొనీరా అనే రాజ్యం కింద, బ్యాక్టీరియాల పక్కన తగులుతాయి. ఉప్పులో బతికేవి, వేడినీటి బుగ్గల్లో బతికేవి, బురదలో మీథేన్ చేసేవి అని మూడు రకాలు. విద్యార్థి బట్టీ పట్టి, పరీక్షలో రాసి, మరిచిపోతాడు. అతని తప్పేమీ లేదు. అవి ఎక్కడ ఉంటాయో ఆ పాఠం చెబుతుంది గానీ, ఎందుకు వేరో చెప్పదు. నా దృష్టిలో గత యాభై ఏళ్ల జీవశాస్త్రంలో ఇంతకు మించిన సంచలనం మరొకటి లేదు. అది ఆ మూడు ముక్కల్లో ఇరుక్కుపోయింది.

కణాన్ని బట్టి చూస్తే 1970ల దాకా ప్రాణులన్నీ రెండే రకాలు. కణంలో కేంద్రకం ఉన్నవి ఒక వైపు: మనం, మామిడిచెట్టు, ఈస్ట్, అమీబా. కేంద్రకం లేనివి మరో వైపు, అవన్నీ బ్యాక్టీరియా. ఈ విభజనలో ఒక బలహీనత ఉంది. ఏదో ఉండటం వల్ల బంధుత్వం చెప్పుకోవచ్చు, కానీ ఏదో లేకపోవడం వల్ల ఎలా చెప్పుకుంటాం? రెక్కలు లేనివన్నీ ఒకే జాతి అంటే పాము, ఏనుగు, చేప ఒక కుటుంబమైపోతాయి. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో, అర్బానా అనే ఊళ్లో పనిచేస్తున్న కార్ల్ వోస్‌కు ఈ పద్ధతి మింగుడుపడలేదు. ఆయన భౌతికశాస్త్రం నుంచి వచ్చినవారు. సూక్ష్మజీవశాస్త్రంలో పెరిగినవాళ్లకు ఉండే మొహమాటాలు ఆయనకు లేవు.

ప్రతి జీవకణంలోనూ రైబోజోమ్‌లు ఉంటాయి, ప్రోటీన్లు తయారయ్యేది వాటి మీదే. వాటికి దెబ్బ తగిలితే కణం బతకదు. అందువల్ల వాటిలోని ఆర్‌ఎన్‌ఏలో మార్పులు మహా నెమ్మదిగా పోగుపడతాయి. రెండు జీవుల రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏల మధ్య ఎంత తేడా కనబడితే అవి అంత వెనకటి కాలంలో విడిపోయాయన్నమాట. వోస్ ఎంచుకున్నది 16ఎస్ అనే సుమారు 1,500 అక్షరాల ముక్క. ఇప్పుడు దాని వరుసను యంత్రం ఇట్టే చదివేస్తుంది. అప్పుడు జీవిని రేడియోధార్మిక ఫాస్ఫరస్ కలిపిన ద్రవంలో పెంచాలి. ఆర్‌ఎన్‌ఏను తీసి, జీ అనే అక్షరం వచ్చిన ప్రతిచోటా కత్తిరించే ఎంజైమ్‌తో తుంచాలి. ఆ తునకలను విద్యుత్తుతో కాగితం మీద రెండు దిక్కులా నడిపించి, ఆ కాగితాన్ని ఎక్స్‌రే ఫిల్ముకు ఆనించి ఉంచాలి. ఫిల్ము మీద నల్లటి చుక్కలు తేలతాయి. ఏ చుక్క ఏ తునకో పోల్చుకుని జాబితా రాయాలి. వోస్ వెలుతురు బల్ల ముందు నిలబడి ఏళ్ల తరబడి ఆ చుక్కలను చదివారు. సహోద్యోగులకు అది పిచ్చి వ్యాపకంలా కనిపించి ఉంటే ఆశ్చర్యం లేదు.

అదే విశ్వవిద్యాలయంలో రాల్ఫ్ వుల్ఫ్ మీథేన్ జీవుల మీద పనిచేసేవారు. గాలి సోకితే చచ్చే ఆ జీవులను పెంచడమే పెద్ద విద్య. వుల్ఫ్ విద్యార్థి విలియం బాల్చ్, మూత బిగించిన సీసాల్లో హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్‌లను పీడనంతో నింపి వాటిని పెంచే పద్ధతిని కుదిర్చారు. 1976లో మొదటి మీథేన్ జీవి ఫిల్ము వోస్ బల్ల మీదికి వచ్చింది. బ్యాక్టీరియాలన్నిటిలో తప్పకుండా కనిపించే కొన్ని చుక్కలు అందులో లేవు. పొరపాటు జరిగిందేమోనని మళ్లీ మొదటి నుంచి చేశారు. మళ్లీ అదే చిత్రం. మరికొన్ని మీథేన్ జీవులను చూశారు. వాటిలో వాటికి పోలికలున్నాయి, బ్యాక్టీరియాతో మాత్రం లేవు. మొక్కలతో, జంతువులతోనూ లేవు. ప్రాణికోటిలో రెండు శాఖలే ఉన్నాయన్న లెక్క ఆ ఫిల్ముల దగ్గర తప్పింది.

1977లో వోస్, జార్జ్ ఫాక్స్ కలిసి ఈ సంగతి ప్రచురించారు. నవంబర్ 3న న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో వార్త వచ్చింది. అదే కొంపముంచింది. శాస్త్రలోకం చాలామటుకు ఆ వ్యాసం చదవలేదు, పత్రికా ప్రచారాన్ని చూసి మొహం చిట్లించింది. నోబెల్ గ్రహీత సాల్వడార్ లూరియా వుల్ఫ్‌కు ఫోన్ చేసి, ఈ గొడవ నుంచి తప్పుకోకపోతే పేరు పోతుందని హెచ్చరించారు. పరిణామశాస్త్రంలో పెద్ద తలకాయ అయిన ఎర్న్‌స్ట్ మయర్ 1998లో కూడా ప్రాణులు రెండు సామ్రాజ్యాలే అని రాస్తూ ఉన్నారు. వోస్ ఆయనకు ఘాటుగానే బదులిచ్చారు. మయర్ వాదన పూర్తిగా కొట్టిపారేయదగ్గదేమీ కాదు. కళ్లకు కనిపించే వైవిధ్యానికి ఆయన విలువ ఇచ్చారు. నెమలి, మర్రిచెట్టు, తిమింగిలం ఒక వైపున ఉంటే, మైక్రోస్కోప్‌లో కూడా తేడా తెలియని రెండు కడ్డీలను రెండు మహాశాఖలుగా ఎలా ఒప్పుకోవాలన్నది ఆయన బాధ.

జర్మనీలో మాత్రం వోస్‌కు చెవులు దొరికాయి. మ్యూనిక్‌లో ఓటో కాండ్లర్ అప్పటికే కణకవచాల మీద పనిచేస్తున్నారు. బ్యాక్టీరియా కవచంలో మ్యూరీన్ అనే జాలీ ఉంటుంది. పెన్సిలిన్ ఆ జాలీ అల్లకాన్ని ఆపి బ్యాక్టీరియాను చంపుతుంది. మన కన్నీళ్లలోని లైసోజైమ్ దాన్ని తెంపుతుంది. మీథేన్ జీవుల్లో వెతికితే కాండ్లర్‌కు మ్యూరీన్ కనిపించలేదు. కొన్నిటిలో దానిలాగే పైకి కనిపించే మరో జాలీ ఉంది గానీ, దాని రసాయనం వేరు, ముడులు వేరు. చాలా ఆర్కియాలకు ఆ జాలీ కూడా లేదు, ప్రోటీన్ల పొర ఒక్కటే చొక్కా. పెన్సిలిన్ పట్టకపోవడంలో రహస్యం ఇంతే: కొట్టడానికి అక్కడ గురి లేదు. ఫిల్ము మీది చుక్కలకు పూర్తిగా వేరే దారిలో దొరికిన సాక్ష్యం ఇది. కాండ్లర్ 1977 జనవరిలో అర్బానా వచ్చి వోస్‌ను కలిశారు. వోస్, కాండ్లర్, మార్క్ వీలిస్ ముగ్గురూ 1990లో రాసిన వ్యాసంతో బ్యాక్టీరియా, ఆర్కియా, యూకేరియా అనే మూడు డొమైన్‌ల వర్గీకరణ స్థిరపడింది. కేంద్రకం ఉన్నవన్నీ, మనతో సహా, యూకేరియా.

కవచం సంగతి ఇలా ఉండగా, అసలు లోతైన తేడా దాని కింద ఉన్న త్వచంలో ఉంది. ఇక్కడ కాస్త నిదానించాలి.

కణానికి హద్దు గీసేది త్వచం. బ్యాక్టీరియాలో, మనలో, కొబ్బరిచెట్టులో అది ఒకే సూత్రం మీద తయారవుతుంది. గ్లిసరాల్ అనే మూడు కార్బన్‌ల అణువు, దానికి ఒక చివర ఫాస్ఫేట్, మిగతా రెండు చోట్ల పొడవాటి కొవ్వు ఆమ్లాలు. గ్లిసరాల్‌ను, కొవ్వు ఆమ్లాన్ని కలిపే బంధం ఎస్టర్. కొబ్బరినూనెలో, నెయ్యిలో ఉండే బంధమే అది. క్షారం వేసి మరిగిస్తే తెగుతుంది, సబ్బు తయారయ్యేది అలాగే. ఆర్కియాలో కొవ్వు ఆమ్లాలే లేవు. వాటి స్థానంలో ఐసోప్రీన్ అనే అయిదు కార్బన్‌ల ముక్కలు వరుసగా అతికిన గొలుసులుంటాయి. రబ్బరు చెట్టు పాలలోని రబ్బరూ ఐసోప్రీన్ గొలుసే. ఆ గొలుసును గ్లిసరాల్‌కు కలిపేది ఈథర్ బంధం. ఆమ్లంలో వేసినా, క్షారంలో వేసినా అది సులువుగా తెగదు. ఉప్పులో బతికే హాలోబ్యాక్టీరియం త్వచంలో ఈ ఈథర్ బంధాలున్నాయని కెనడాలో మారిస్ కేట్స్ బృందం 1960ల్లోనే కనిపెట్టింది. ఉప్పును తట్టుకోవడానికి చేసుకున్న సర్దుబాటు కాబోలని అందరూ అనుకున్నారు. తర్వాత వేడి ఆమ్లంలో బతికేవాటిలోనూ, మీథేన్ చేసేవాటిలోనూ అదే కనిపించింది. ఉప్పుకు, వేడికి, బురదకు ఒకే సర్దుబాటు ఎలా సరిపోతుంది? సర్దుబాటు అనుకున్నది నిజానికి వారసత్వమని తేలడానికి వోస్ చుక్కలు రావాల్సి వచ్చింది.

ఇంకో మెలిక ఉంది. గ్లిసరాల్‌కు ఫాస్ఫేట్ చేరినప్పుడు రెండు రూపాలు వీలవుతాయి. కుడిచేయి, ఎడమచేయి ఎలాగో అలాగ: వేళ్లన్నీ అవే, కానీ ఒకదాని మీద ఒకటి పెడితే కలవవు. బ్యాక్టీరియా, మొక్కలు, జంతువులు ఒక రూపాన్నే వాడతాయి. ఆర్కియా రెండోదాన్నే వాడతాయి. ఆ రెండు రూపాలను తయారుచేసే ఎంజైమ్‌లకు ఒకదానితో ఒకదానికి చుట్టరికం లేదు. ఈథర్ బంధాలు కొన్ని బ్యాక్టీరియాలోనూ, మన మెదడు కణాల్లోనూ కనిపిస్తాయి కాబట్టి ఆ ఒక్క లక్షణాన్ని పట్టుకుని తీర్పు చెప్పలేం. ఈ కుడి ఎడమల తేడా మాత్రం గట్టి హద్దు. జీవం పుట్టిన కొత్తలో ఏ కారణం చేత ఈ చీలిక వచ్చిందో, రెండు రూపాలూ ఉన్న ఉమ్మడి పూర్వీకుడు ఒకడు ఉండేవాడో లేదో ఇంకా తేలలేదు. జీవశాస్త్రంలో ఇంతటి ప్రశ్నకు ఇంత చిన్న అణువు కేంద్రం కావడం నాకు భలే ఇష్టం.

వేడిలో బతికే ఆర్కియాల్లో ఈ గొలుసులు ఎదురెదురుగా ఉన్నవి కొసకు కొస అతుక్కుపోతాయి. మన త్వచం రెండు పొరలు. అవి ఎంత దగ్గరగా ఉన్నా విడిపోయే వీలుంది. ఈ ఆర్కియాల త్వచం ఈ వైపు నుంచి ఆ వైపుకు ఒకే అణువు పరుచుకున్న ఒకే పొర. మరిగే నీళ్లలో కూడా అది విడిపోదు. ఉష్ణోగ్రతను బట్టి ఆ గొలుసుల్లో ఉంగరాలు ఎక్కువ తక్కువలవుతాయి. సముద్రంలో బతికే ఆర్కియాల్లోనూ ఇదే జరుగుతుంది. అవి చనిపోయి అడుగున చేరినా ఈథర్ బంధాల పుణ్యమా అని ఆ అణువులు కోట్ల ఏళ్లు చెక్కుచెదరవు. ఆ ఉంగరాలను లెక్కగట్టి డైనోసార్ల కాలపు సముద్రం ఎంత వెచ్చగా ఉండేదో అంచనా వేసే పద్ధతిని 2002లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు.

ఆర్కియాను కంటితో చూడాలంటే ఉప్పు మడుల దగ్గరకు వెళ్లాలి. శ్రీకాకుళం జిల్లా నౌపడా గానీ, చినగంజాం గానీ, ఏ తీరంలోనైనా సరే, సముద్రపు నీరు మడి నుంచి మడికి చిక్కబడుతూ వచ్చి, ఉప్పు గడ్డకట్టే ఆఖరి దశలో గులాబీ, ఎరుపు ఛాయలకు తిరుగుతుంది. ఆ రంగులో ఎక్కువ భాగం ఉప్పును ప్రేమించే ఆర్కియాలది. సరిగా ఆరని ఉప్పు చేప మీద ఎర్రటి మచ్చలు తేలేదీ ఇవి చేరడం వల్లే. సాధారణ కణాన్ని ఆ నీళ్లలో వేస్తే లోపలి నీరంతా బయటికి లాగేయబడి వడలిపోతుంది. ఇవి తమ లోపల పొటాషియం లవణాన్ని బయటి ఉప్పుకు దీటుగా నింపుకుంటాయి. అంత ఉప్పులోనూ ముద్దకట్టకుండా వాటి ప్రోటీన్లు ఆమ్ల స్వభావంతో తయారై ఉంటాయి. ఫలితంగా మంచినీళ్లలో వేస్తే ఇవి పగిలిపోతాయి. వీటిలో ఒకటి, హాలోక్వాడ్రాటమ్, అచ్చంగా చతురస్రాకారంలో పల్చగా ఉంటుంది. ఆంథోనీ వాల్స్‌బీ 1980లో సినాయ్ ఎడారి తీరంలోని మడుగులో దాన్ని చూశారు. ప్రయోగశాలలో పెంచగలిగింది 2004లో.

హాలోబ్యాక్టీరియం త్వచంలో ఊదారంగు మచ్చలుంటాయి. 1971లో ఓస్టర్‌హెల్ట్, స్టోకీనియస్ వాటిలో ఉన్న ప్రోటీన్‌ను పరీక్షించి ఉలిక్కిపడ్డారు. అందులో రెటినాల్ ఉంది. మన కంటి వెనక వెలుతురును పట్టే అణువే అది. ఆ ప్రోటీన్ వెలుతురు పడగానే ప్రోటాన్‌ను బయటికి తోస్తుంది, ఆ తోపుడుతో కణం తనకు కావలసిన శక్తిని తయారుచేసుకుంటుంది. పత్రహరితం అవసరం లేదు. పేరులో బ్యాక్టీరియో ఉన్నా ఈ బ్యాక్టీరియోరొడాప్సిన్ ఆర్కియా సొత్తే. త్వచంలోని ప్రోటీన్ ఆకారం ఎలా ఉంటుందో ప్రపంచం మొదట చూసింది దీనిలోనే. 1975లో దాన్ని చూపిన ఇద్దరిలో ఒకరైన రిచర్డ్ హెండర్సన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ కృషికి 2017లో నోబెల్ పంచుకున్నారు. దీని బంధువైన మరో ఆర్కియా ప్రోటీన్‌ను ఎలుకల మెదడు కణాల్లో పెట్టి, వెలుతురుతో వాటిని ఆపి నాడీవ్యవస్థను పరిశీలిస్తున్నారు.

వేడి విషయంలో ఒక అపోహ తీసేయాలి. వేడినీటి బుగ్గల్లో బతికేవన్నీ ఆర్కియా కావు. పీసీఆర్ పరీక్షలకు ప్రాణం పోసిన ఎంజైమ్‌ను ఇచ్చిన థర్మస్ అక్వాటికస్, థామస్ బ్రాక్ యెల్లోస్టోన్ బుగ్గల్లో పట్టుకున్న జీవి, శుద్ధ బ్యాక్టీరియా. కోవిడ్ కాలంలో మన ముక్కుల నుంచి తీసిన నమూనాలకు పనికొచ్చింది ఆ వంశపు ఎంజైమే. అయితే అందరికంటే ఎక్కువ వేడి తట్టుకునే రికార్డు ఆర్కియాదే. హిందూ మహాసముద్రం అడుగున కైరే అనే వేడి బుగ్గల చోట దొరికిన మెథనోపైరస్ కాండ్లరీ, గట్టి పీడనం కింద 122 డిగ్రీల సెల్సియస్‌లో పెరిగిందని 2008లో జపాన్ శాస్త్రవేత్తలు చూపారు. ఆస్పత్రుల్లో కత్తెరలను శుద్ధిచేసే ఆటోక్లేవ్ వేడి 121 డిగ్రీలు. ఆ జీవి పేరులోని కాండ్లర్ మనకు తెలిసిన కాండ్లరే.

ఇక కణం లోపలి యంత్రాంగం. డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏను నకలు తీసే ఎంజైమ్ బ్యాక్టీరియాలో నాలుగైదు భాగాల సాదా యంత్రం. క్షయకు వాడే రిఫాంపిసిన్ దాన్ని పట్టుకుని ఆపుతుంది. వోల్‌ఫ్రమ్ జిలిగ్ అనే జర్మన్ జీవరసాయనవేత్త ఆర్కియాలో ఆ ఎంజైమ్‌ను వేరుచేసి చూస్తే, పదికి పైగా భాగాలు తేలాయి. రిఫాంపిసిన్ దాని మీద పనిచేయలేదు. భాగాల అమరిక మన కేంద్రకంలోని ఎంజైమ్ అమరికే. నకలు ఎక్కడ మొదలవ్వాలో చెప్పే డీఎన్‌ఏ గుర్తు, ఆ గుర్తు మీద కూర్చునే ప్రోటీన్ కూడా మనవాటికి పోలికే. మన డీఎన్‌ఏ హిస్టోన్లనే ప్రోటీన్ల చుట్టూ చుట్టుకుని ఉంటుంది. బ్యాక్టీరియాలో మామూలుగా అవి ఉండవు. చాలా ఆర్కియాల్లో ఉన్నాయి. డీఎన్‌ఏను రెట్టింపు చేసే ఏర్పాటులోనూ ఇదే వరుస. మొదట చెప్పుకున్న డిఫ్తమైడ్ కూడా ఈ కుటుంబ ఆస్తిలో ఒక భాగం. అలాగని అన్నీ మనలాంటివే కావు. వాటి క్రోమోజోమ్ బ్యాక్టీరియాలోలాగే గుండ్రటి వలయం, జన్యువులు బ్యాక్టీరియాలోలాగే గుంపులుగా ఉంటాయి. పోలిక పైపైన ఎలా మోసం చేస్తుందో చూడాలంటే ఈదే తోకను చూస్తే చాలు. బ్యాక్టీరియా తోక గొట్టంలా బోలుగా ఉండి, కొస దగ్గర పెరుగుతుంది, అయాన్ల ప్రవాహంతో తిరుగుతుంది. ఆర్కియా తోక సన్నగా, గట్టిగా ఉండి, మొదలు దగ్గర పెరుగుతుంది, ఏటీపీ అనే శక్తి అణువును ఖర్చుపెట్టి తిరుగుతుంది. పని ఒకటే, చరిత్ర వేరు.

ఆర్కియా అంటే నరకం లాంటి చోట్ల బతికే వింత జీవులన్న ముద్ర ఇంకా పోలేదు. 1992లో ఎడ్ డెలాంగ్, జెడ్ ఫర్మన్ విడివిడిగా మామూలు చల్లటి సముద్రపు నీటిలో ఆర్కియా ఆర్‌ఎన్‌ఏను కనిపెట్టారు. 2001లో హవాయి దగ్గర లోతు నీళ్లను లెక్కించి, ప్రపంచ సముద్రాల్లోని అతిసూక్ష్మ కణాల్లో దాదాపు అయిదోవంతు ఇవేనని అంచనా వేశారు. ఇంత మంది ఉండి ఏం చేస్తున్నట్టు? జవాబు 2005లో అమెరికాలోని సియాటిల్ అక్వేరియం తొట్టి నుంచి వచ్చింది. చేపలు పెంచే ఆ తొట్టిలోంచి వేరుచేసిన నైట్రోసోపుమిలస్ అనే ఆర్కియా అమ్మోనియాను నైట్రైట్‌గా మార్చి ఆ శక్తితో బతుకుతోంది. ఆ పని బ్యాక్టీరియాదేనని వందేళ్లకు పైగా పాఠాలు చెప్పాం. తర్వాత చూస్తే పొలం మట్టిలోనూ ఆ పని చేసే ఆర్కియాలు పుష్కలంగా ఉన్నాయి. రైతు చల్లిన యూరియా అమ్మోనియాగా మారాక దాని రాత నిర్ణయించేవారిలో ఇవీ ఉన్నాయి.

మీథేన్ మాత్రం వీటి గుత్తాధిపత్యమే. దాన్నే బతుకుదెరువుగా చేసుకుని బతికే బ్యాక్టీరియా లేదు, మొక్క లేదు, జంతువు లేదు. గోబర్ గ్యాస్ తొట్టిలో పేడను కుళ్లబెట్టేది బ్యాక్టీరియాలే. వాటి నుంచి మిగిలే హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, ఎసిటేట్‌లను ఆఖరున అందుకుని పొయ్యిలోకి గ్యాస్ పంపేది ఆర్కియా. వీటిలోని ఎఫ్420 అనే సహ ఎంజైమ్ వల్ల అతినీలలోహిత కాంతిలో ఇవి నీలి ఆకుపచ్చగా మెరుస్తాయి. మైక్రోస్కోప్ కింద తేడా తెలియదని ఇందాక అన్నాను గానీ, సరైన దీపం ఉంటే తెలుస్తుంది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో నీళ్లు నిలిచిన వరిచేలో గాలి ఆడని మట్టిలో ఇవే పనిచేస్తాయి. ఆ మీథేన్ చాలావరకు వరి దుబ్బులోని గాలి గొట్టాల గుండానే పైకి వస్తుంది. మధ్యమధ్య చేను ఆరబెడితే గాలి తగిలి వీటి జోరు తగ్గుతుంది. ఆవు, గేదె కడుపులోనూ ఇవే ఉన్నాయి, ఆ వాయువు ఎక్కువగా త్రేన్పుల ద్వారా నోటి నుంచే బయటికి పోతుంది, వెనక నుంచి పోతుందన్నది జనం సరదా. మన పేగుల్లోనూ ఒకటుంది, మెథనోబ్రెవిబ్యాక్టర్ స్మితీ. కొందరి ఊపిరిలో మీథేన్ పట్టుబడేది దాని వల్లే. ఇంత దగ్గరగా మెలుగుతున్నా, ఒక్క ఆర్కియా కూడా మనిషికి రోగం తెస్తుందని ఇంతవరకు రుజువు కాలేదు. ఎందుకన్నదానికి గట్టి వివరణ లేదు.

ఇంతవరకు కథ మూడు శాఖలది. 2015లో అది మలుపు తిరిగింది. గ్రీన్‌లాండ్‌కూ నార్వేకూ మధ్య సముద్రం అడుగున లోకీస్ కాజిల్ అనే వేడి బుగ్గల సమూహం ఉంది. దానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, మూడు వేల మీటర్లకు పైగా లోతులో తీసిన బురదలోని డీఎన్‌ఏను స్వీడన్‌లో థైస్ ఎటెమా బృందం చదివింది. అందులో ఒక కొత్త ఆర్కియా జన్యువులు తేలాయి. కణానికి ఆకారమిచ్చే యాక్టిన్, త్వచాన్ని వంచి తెంపే ప్రోటీన్లు, సంకేతాలు మోసే చిన్న ఎంజైమ్‌లు, అంటే కేంద్రకం ఉన్న కణాలకే సొంతమనుకున్న జన్యువులు అందులో ఉన్నాయి. దానికి లోకీ పేరే పెట్టారు. తర్వాత దొరికిన చుట్టాలకు అవే నార్స్ పురాణాల నుంచి థోర్, ఓడిన్, హైమ్‌డాల్ అని పేర్లు. అందరినీ కలిపి ఆస్గార్డ్ ఆర్కియా అన్నారు. అప్పటికి కణాన్ని ఒక్కరూ చూడలేదు, చేతిలో ఉన్నది డీఎన్‌ఏ వరుస మాత్రమే. వేరే జీవుల డీఎన్‌ఏ కలిసిపోయి ఉంటుందని అనుమానించినవారున్నారు, ఆ అనుమానం అన్యాయమైనదీ కాదు.

జపాన్‌లో హిరోయుకి ఇమాచీ బృందం ఆ చర్చలన్నిటికీ ముందే, 2006లో, నంకాయ్ అగాధం దగ్గర 2,533 మీటర్ల లోతు నుంచి బురద తెచ్చుకుంది. స్పాంజీ ముక్కలు వేలాడదీసిన రియాక్టర్‌లో ఆ బురదను పోసి, మీథేన్ పంపుతూ, 2,000 రోజులకు పైగా నడిపారు. తర్వాత కొద్దికొద్దిగా వేరుచేస్తూ వచ్చారు. అందులోంచి చివరకు ఒక ఆస్గార్డ్ ఆర్కియా బయటపడింది. అది రెట్టింపు కావడానికి 14 నుంచి 25 రోజులు పడుతుంది. మన పేగుల్లోని ఈ.కోలై మంచి తిండి దొరికితే ఇరవై నిమిషాల్లో ఆ పని చేస్తుంది. మొత్తం 12 ఏళ్ల శ్రమ 2020 జనవరిలో నేచర్ పత్రికలో అచ్చయింది. ప్రోమీథియోఆర్కియమ్ అని పేరు పెట్టారు. లోపల సంక్లిష్టమైన అమరిక కనిపిస్తుందని ఆశించినవారికి నిరాశే ఎదురైంది, కేంద్రకం లాంటిదేమీ లేదు. దాని బదులు కణం ఒంటి నుంచి పొడవాటి, కొమ్మలు వేసిన చేతులు చాచి ఉన్నాయి. అది ఒంటరిగా బతకలేదు. అది విడిచే హైడ్రోజన్‌ను తినే మరో జీవి పక్కన ఉండాలి. ఆ మరో జీవి ఎవరంటే, మీథేన్ చేసే ఆర్కియానే.

ఇక్కడి నుంచి మన పుట్టుక కథ ఊహించడం కష్టం కాదు. ఇలాంటి పూర్వీకుడు ఒకడు పొరుగునున్న బ్యాక్టీరియాను ఆ చేతులతో చుట్టుకుని లోపలికి తీసుకున్నాడు. లోపలికి వెళ్లింది మైటోకాండ్రియాగా మారింది. కేంద్రకం తర్వాత వచ్చింది. వివరాల మీద తగాదాలున్నాయి గానీ, ఇప్పటి జన్యు వృక్షాల్లో కేంద్రకమున్న జీవులు ఆర్కియాకు పక్కన కాకుండా ఆస్గార్డ్‌ల నడుమనే మొలిచినట్టు కనిపిస్తున్నాయి. 2023లో ఎటెమా బృందం ఇంకా దగ్గరగా వెళ్లి, మన పూర్వీకులు హైమ్‌డాల్ వర్గంలోంచి వచ్చారని చూపింది. అదే నిజమైతే వోస్ మూడు డొమైన్‌లలో మిగిలేవి రెండే, మనం ఆర్కియాలో ఒక కొమ్మ. జేమ్స్ లేక్ అనే శాస్త్రవేత్త 1984లోనే ఇలాంటి మాట అన్నారు, అప్పుడు ఎక్కువమంది నమ్మలేదు. వోస్ 2012 డిసెంబర్‌లో మరణించారు, లోకీ వార్త చూడలేదు.

ఒక ముడి మాత్రం మిగిలింది. మనం ఆర్కియా కొమ్మే అయితే మన త్వచం ఆర్కియాలా ఉండాలి. లేదు. గ్లిసరాల్ బ్యాక్టీరియా వైపుది, బంధం ఎస్టర్, గొలుసు కొవ్వు ఆమ్లం. సమాచారం చూసుకునే జన్యువులు ఆర్కియా నుంచి, ఇల్లు కట్టే జన్యువులు ఎక్కువగా బ్యాక్టీరియా నుంచి వచ్చాయి. ఎప్పుడో ఒకప్పుడు మన పూర్వీకుడు బతికుండగానే త్వచాన్ని మొత్తంగా మార్చుకుని ఉండాలి. రెండు రకాల కొవ్వులూ కలిసిన త్వచం నిలవదని చాలాకాలం వాదన నడిచింది. 2018లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగన్ శాస్త్రవేత్తలు ఈ.కోలైలో ఆర్కియా కొవ్వులు తయారుచేసే జన్యువులు పెట్టి చూశారు. త్వచంలో 30 శాతం దాకా ఆర్కియా కొవ్వు చేరినా అది హాయిగా పెరిగింది. ఆ తర్వాత నల్ల సముద్రపు లోతుల్లోని కొన్ని బ్యాక్టీరియాల్లో, ఎవరూ పెట్టకుండానే, ఆర్కియా కొవ్వులు తయారుచేసే జన్యువులు ఉన్నట్టు తేలింది.